సోరియాసిస్: గృహవైద్య రచనల మంచిచెడ్డలు

సోరియాసిస్‌ను గురించి తెలుగులో వెలువడే గృహవైద్య రచనలలో రెండు లోపాలు తరచు కనిపిస్తున్నవి. మొదటిది పేరు. ఆయుర్వేదంలో ‘కుష్ఠము’ అనే మాట అనేక చర్మవ్యాధులకు వర్తిస్తుంది. వివరణ లేకుండా దానిని వాడితే పాఠకునికి కుష్ఠువ్యాధియే స్ఫురిస్తుంది. సాలూరు కుష్ఠు ఆసుపత్రి పేరు తెలిసిన విజయనగరం పల్లెలలో ఈ పొరపాటు ఒక మనిషిని బంతిలో కూర్చోనీయకుండా చేయగలదు. వియన్నా వైద్యుడు హెబ్రా 1841లోనే ఈ రెండు వ్యాధులను వేరుపరచినాడు. సోరియాసిస్ ఒకరినుండి ఒకరికి అంటదు. శరీర రక్షణవ్యవస్థ గతి తప్పినందున, సుమారు నెలరోజులు పట్టవలసిన చర్మకణాల మార్పు కొద్ది రోజులలోనే జరిగి పొలుసులు పేరుకుంటవి.

రెండవది, సమూలంగా నయమవుతుందన్న హామీ. ఇది తగ్గుతూ, తిరగబెడుతూ ఉండే వ్యాధి. పొలుసులు గీకి ఘాటైన రసాలు పూయుమనే సలహా మరీ ప్రమాదకరం. గాయమైన చోటనే కొత్త మచ్చ లేవవచ్చు. జీడిపిక్కల తొక్కలోని నూనె చేతులను ఎట్లా పొక్కిస్తుందో పలాసవారికి చెప్పనక్కరలేదు. ఈ వ్యాధి గలవారు ఆ పనిలో చేతితొడుగులు విధిగా వాడవలె.

అట్లని ఇంటి శ్రద్ధ వ్యర్థం కాదు. గోరువెచ్చని స్నానం, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాసెలీను రాయడం, పొగ మానడం మేలు చేస్తవి. స్టెరాయిడు మందులను సొంతంగా వాడరాదు, హఠాత్తుగా మానరాదు. కీళ్లు వాచినా, ఒళ్లంతా ఎర్రబారినా వెంటనే వైద్యుని చూడవలె. ఇంటి పని ఎక్కడ ముగిసి ఆసుపత్రి పని ఎక్కడ మొదలవుతుందో చెప్పిన రచనయే పాఠకునికి ఉపకరిస్తుంది.