నరం తీసే ముందు

రూట్ కెనాల్ అనగానే మనకు తోచేది నరం తీయడం, సన్నటి ఫైళ్లతో వేరు లోపల శుభ్రం చేయడం. ఆ పనితనం గొప్పదే. కానీ అంతకు ముందు, ఈ పన్ను అసలు నిలుస్తుందా అని తేల్చే కాసేపటి పని మీద నాకు ఇంకా గౌరవం.

చేయి తిరిగిన డెంటిస్టు ఎక్స్‌రే ఒక్కటే చూసి మాట ఇవ్వరు. అందులో పన్ను ముందువైపూ వెనకవైపూ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. అందుకే ముందు పాత ఫిల్లింగ్ ఊడదీసి, పుచ్చంతా చెక్కేస్తారు. మెత్తబడినదంతా పోయాక చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలిందన్నదే అసలు లెక్క. చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల ఎత్తున గోడ ఉంటే ధైర్యం. రోకలి కొసన పొన్ను కర్రను పగలకుండా కాచినట్టు, క్యాప్ అంచు ఆ గోడను చుట్టి పట్టుకోవాలి. గోడ లేకుండా, వేరులో దించిన పోస్టు మీదే క్యాప్ నిలబెడితే, నమిలే బరువుకి అది ఊడొస్తుంది, లేదా వేరు చీలిపోతుంది.

తడి సంగతీ అప్పుడే చూసుకోవాలి. 1864లో న్యూయార్క్ డెంటిస్టు శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన రబ్బరు డ్యామ్ ఇప్పటికీ ఉమ్మిని ఆపే ఉపాయం. దాన్ని పన్నుకి బిగించే క్లాంపుకి పట్టు దొరకాలి కదా!

ఇక ప్రోబ్ పట్టిన చేతిని చూడాలి. మిల్లీమీటర్ల గీతలున్న ఆ సన్నటి పుల్లని చిగురు సందులో తేలిగ్గా ఆనించి, ఇసుమంత ఇసుమంత జరుపుతూ పన్ను చుట్టూ తిప్పుతారు. 2, 3, 2, 3... ఉన్నట్టుండి ఒకేచోట 8. చిగుళ్ల జబ్బయితే ఆ లోతు సాధారణంగా వెడల్పుగా ఉంటుంది. ఇలా ఒక్కచోటే సన్నగా దిగబడితే, వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. చీము దారి చేసుకున్నా అలాగే దిగుతుంది, అది మాత్రం రూట్ కెనాల్‌తో మానవచ్చు. ఒకే అంకె, రెండు అర్థాలు. అక్కడ తొందరపడకపోవడమే నేను మెచ్చే పనితనం. నీలిరంగు మందు అద్ది కడిగి, రంగు ఏ గీతలో నిలిచిందో మైక్రోస్కోపులో వెతుకుతారు. పక్కనుంచి లైటు వేసి, వెలుగు ఎక్కడ తెగిందో చూస్తారు. చీలిక వేరులోకి దిగిందని తేలితే పన్ను తీసేయడమే మేలు.

గోడ కాస్త తగ్గితే చిగురునూ ఎముకనూ కొంత దించవచ్చు. దవడ పన్నులో వేళ్లు విడిపోయే చోటు బయటపడేంత దించాల్సివస్తే మాత్రం ఒప్పుకోరు.

ఇదంతా అయ్యాక అద్దం చేతికిచ్చి, మిగిలిన పన్నుని పేషెంటుకే చూపించి, క్యాప్ ఖర్చుతో సహా చెప్పి, అప్పుడు అడుగుతారు: "ఉంచుదామా అండీ, తీసేద్దామా?"