అణుభారమంటే ఏ సగటు?

పేటెంట్ స్పెసిఫికేషన్ చివర ఉండే క్లెయిములే హక్కుకు హద్దురాళ్లు. అవి స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలని, స్పెసిఫికేషన్‌లో వెల్లడించిన విషయాన్ని దాటకూడదని 1970 నాటి పేటెంట్ల చట్టం 10(5) సెక్షన్ చెబుతుంది. క్లెయిము పరిధి సరిగా తేలకపోతే 64వ సెక్షన్ కింద పేటెంటునే రద్దు చేయించవచ్చు.

ఒక్క మాట ఎంత దూరం తీసుకెళ్తుందో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ప్రతివాదిగా ఉన్న అమెరికా కేసులో తేలింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే గ్లాటిరామర్ ఇంజెక్షన్ మీద టెవా కంపెనీ పేటెంట్లను శాండోజ్, మైలాన్, నాట్కో సవాలు చేశాయి. క్లెయిములో మందు అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లని ఉంది. ఈ మందులో అమైనో ఆమ్లాల గొలుసులు పొట్టివీ పొడుగువీ కలిసే ఉంటాయి కాబట్టి సగటు చెప్పక తప్పదు. ఏ సగటు? 4, 4, 10 కిలోడాల్టన్ల మూడు గొలుసులనే తీసుకుంటే, ఎక్కువగా కనిపించే విలువ, అంటే శిఖర విలువ, 4. మొత్తాన్ని మూడుతో భాగిస్తే 6. బరువును బట్టి ప్రాధాన్యమిచ్చి లెక్కిస్తే సుమారు 7.3. అదే నమూనా ఒక లెక్కలో క్లెయిము బయట, మిగతా రెండింటిలో లోపల! పైగా సంబంధిత దరఖాస్తుల పరిశీలనలో టెవా ఒకచోట బరువు సగటని, మరోచోట శిఖర విలువని జవాబిచ్చింది.

నిపుణుడికి క్లెయిము పరిధి సహేతుకమైన నిశ్చయంతో తెలియాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో నాటిలస్ కేసులో ప్రమాణం పెట్టింది. టెవా కేసును 2015 జనవరిలో కింది అప్పీలు కోర్టుకు తిప్పి పంపింది. ఆ కోర్టు జూన్‌లో ఆ క్లెయిము అస్పష్టమని మళ్లీ తేల్చింది. శాండోజ్ జెనరిక్ ఆ నెలలోనే మార్కెట్‌కు వచ్చింది. రోగులకు మేలే జరిగింది. అయితే క్లెయిము రాసినరోజే లెక్క పద్ధతి పేరు చేర్చి ఉంటే ఇన్నేళ్ల వాదన ఎవరికీ అవసరమయ్యేది కాదు.

ఇక మన దగ్గర, హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల దరఖాస్తుదారుల ఫైళ్లు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. 'తగినంత వేడి', 'చాలినంత సేపు' లాంటి మాటలకు పరీక్షకులు అభ్యంతరం చెప్పడం సహజం. ఉష్ణోగ్రత, సమయం, కొలిచే పరికరం, లెక్కించే పద్ధతి స్పెసిఫికేషన్‌లో ఉంటే అభ్యంతరం వచ్చాక వాటిని క్లెయిములోకి తెచ్చుకోవచ్చు. ల్యాబ్ నోట్‌బుక్‌లోనే మిగిలిపోతే మాత్రం 59వ సెక్షన్ అడ్డొస్తుంది. మొదట వెల్లడించని విషయాన్ని సవరణ పేరుతో చేర్చడానికి అది ఒప్పుకోదు.