మడిచే ముందు ఆరనివ్వాలి

రోహిణి కార్తె ఎండల్లో మంగలికత్తికి ఏ రోగమూ రాదు. వరంగల్‌లో మే నెల గాలికి ఇనుప సామాను దానంతట అదే ఆరిపోతుంది. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాకే అసలు సంగతి మొదలవుతుంది. గోడలు చెమరుస్తాయి, డబ్బాలో ఉప్పు నీరుకారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఉక్కు మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది. దానికి కాస్త ఉప్పో సబ్బో తోడైతే తుప్పుకు ఇంకేమీ అక్కర్లేదు.

నేను చాలా ఏళ్లుగా మడతకత్తితోనే గడ్డం గీసుకుంటున్నాను. కత్తి పట్టడం నేర్పింది హనుమకొండలో మా గల్లీ చివర దుకాణం నడిపిన పెద్దాయన. ఎలా గీయాలో చెప్పడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. గీశాక ఏం చేయాలన్నదే మళ్లీ మళ్లీ చెప్పేవాడు. "మడిచే ముందర ఆరనియ్యాలె బిడ్డా. తడి కత్తిని మడిచినవంటే నీళ్లల్ల ఏసి మూతపెట్టినట్టే" అనేవాడు.

ఆయన తుడిచే తీరు చూసి తీరాల్సిందే. పాత పంచె ముక్కతో కత్తి వీపు వైపు నుంచి వాదర వైపుకే తుడిచేవాడు, ఎప్పుడూ ఎదురు పోయేవాడు కాదు. తర్వాత అదే గుడ్డ కొసను సన్నగా మెలిపెట్టి, పిడి రెండు రెక్కల మధ్య దూర్చి, చీల దగ్గర చిక్కుకున్న చుక్కను బయటికి లాగేవాడు. పైపైన తుడిచేవాళ్లకు ఆ చుక్క దొరకదు. ఇరుకు సందులో నీరు దానంతట అదే పైకి పాకుతుంది, గాలి ఆడదు కనుక తొందరగా ఆరదు. పాత కత్తులు ఎన్ని చూసినా తుప్పు ముందు అక్కడే, ఆ చీల చుట్టూనే మొదలై ఉంటుంది.

అక్కడితో ఆగేవాడు కాదు. తోలు పట్టా మీద కత్తిని నాలుగైదు సార్లు మెల్లగా నడిపించి, దుకాణం తలుపు దగ్గర కాసేపు తెరిచి ఉంచి, అప్పుడు మడిచేవాడు. గీసేముందు తోలు మీద పెట్టడం అందరూ చేస్తారు. గీశాక కూడా పెట్టడం వాదర మీది తడి పోవడానికి. బాగా నూరిన కత్తి వాదర వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అంత సన్నని చోట తుప్పు పడితే ఎర్రగా కనిపించదు, మర్నాడు గడ్డం మీద కత్తి లాగుతుంది, అంతే. మొద్దుబారిందనుకుని మనం సానరాయి తీస్తాం. రాయి మీద అరిగిన ఉక్కు మళ్లీ రాదు. ఒక్క నిమిషం గుడ్డ పట్టుకుంటే మిగిలేదాన్ని అలా అరగదీసుకుంటున్నామని నాకు నిజంగా బాధ.

పటిక సంగతి కూడా ఆయన దగ్గరే తెలిసింది. గీశాక మంట తగ్గడానికి, నెత్తురు ఆగడానికి పటిక రుద్దుతాం. ఆ చేత్తోనే కత్తి ముట్టుకుంటాం. పటిక నీటికి ఆమ్ల గుణం ఉంది, ఉక్కును ఊరికే వదలదు. పటిక బిళ్లను కత్తి పెట్టెలో ఆయన ఎన్నడూ పెట్టలేదు, వేరే సీసాలో ఉండేది. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు కూడా అంతే. కత్తికి పెట్టిన పసుపు కుంకుమ తడిని పట్టి ఉంచుతాయని, పూజ అయిన మర్నాడు పొద్దున్నే శుభ్రంగా తుడిచి నూనె చేయి పూసేవాడు.

ఇదంతా లోహశాస్త్రం కాదంటే నేను ఒప్పుకోను. మన తెలంగాణ ఉక్కు గురించి గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ పనిని కళ్లారా చూసిన హెన్రీ వోయ్సే రాసిన వివరం 1832లో అచ్చయింది. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌కు మన దేశపు ఉక్కంటే ఎంతో గురి. ఆయన, మైకేల్ ఫారడే కలిసి 1820లో ప్రకటించిన ప్రయోగాల వెనుక ప్రశ్నలు రెండు: ఇంకా బాగా తెగే ఉక్కు చేయగలమా, తుప్పు తక్కువ పట్టే ఉక్కు చేయగలమా. రెండో దానికి గట్టి జవాబు 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన ఉక్కుతో వచ్చింది. మడతకత్తులు మాత్రం ఆ తర్వాత కూడా ఎక్కువగా క్రోమియం లేని కార్బన్ ఉక్కుతోనే వచ్చాయి, రాయి మీద తేలిగ్గా పదునెక్కుతుందని. ఉక్కును కాచినవాళ్లకు చరిత్రలో చోటు దొరికింది. అదే ఉక్కును వానాకాలాలు దాటించి కొడుకుల చేతికిచ్చిన నాయీబ్రాహ్మణుల ఇళ్లకు దొరకలేదు.

ఇప్పుడు దుకాణాల్లో సగానికి విరిచిన బ్లేడే వాడుతున్నారు, మనిషి మనిషికీ మారుస్తున్నారు. అది మంచి మార్పు, నెత్తురు ద్వారా అంటుకునే జబ్బుల భయం చిన్నది కాదు. దానివల్ల పాత కత్తులు తోలు పొదుల్లో, అటకల మీద పడి ఉన్నాయి. చిక్కు ఇక్కడే ఉంది. రోజూ తీసి, తుడిచి, తోలు మీద పెట్టే కత్తికి తోలు పొది ఏ హానీ చేయలేదు. కదలకుండా ఉన్న కత్తికి అదే తోలు శత్రువు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, తోలును పదును చేసినప్పటి ఉప్పూ ఆమ్లమూ అందులో మిగిలి ఉంటాయి. తాత గుర్తుగా ఉందని పొదిలోనే ఉంచినవాళ్లు కత్తిని మాత్రం వెంటనే బయటికి తీయాలి. వార్తాపత్రికలో చుట్టొద్దు, ఆ కాగితానికీ ఆమ్ల గుణం ఉంటుంది. స్నానాల గది అల్మారా అసలే వద్దు.

నూనె విషయంలో మన ఇళ్లలో అలవాటు కొబ్బరినూనె. రోజూ వాడే కత్తికి అది చాలు. నెలల తరబడి దాచేదానికి వద్దు, పాతబడి పులుస్తుంది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క, ఇంకా ఎక్కువకాలానికైతే వేజలీన్ పలచగా, చీలలోకి కూడా దిగేలా పూయాలి. వట్టి వేళ్లతో మళ్లీ ముట్టుకోకూడదు, చెమటలో ఉప్పుంది. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తే వానలు నిశ్చింతగా గడుస్తాయి. ఒక్క జాగ్రత్త: పాత విదేశీ కత్తుల్లో కొన్నింటికి సెల్యులాయిడ్ పిడి ఉంటుంది. అది పాతబడి కుళ్లుతూ వదిలే వాయువు తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లం అవుతుంది, తన కత్తినే కాదు పక్కవాటినీ తినేస్తుంది. పిడి పగుళ్లిచ్చి ఘాటు వాసన వేస్తుంటే దాన్ని వేరుగా, గాలి ఆడేచోట ఉంచండి.

2023 జూలైలో మన లోతట్టు కాలనీలు మునిగినప్పుడు ఇలాంటి సామాను ఎంతో బురదలో దొరికింది. అలా దొరికినవాటిని ముందు మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పూయాలి. గీకొద్దు. ఎర్రగా పొడిపొడిగా రాలేది తుప్పు, దాన్ని నూనెలో తడిపిన గుడ్డతో ఓపిగ్గా తీయాలి. దాని కింద నల్లగా, నున్నగా ఉండే పొర కత్తికి రక్ష, దాన్ని మెరిపించాలని చూడొద్దు. వీపు మీద గుంటలున్నా పరవాలేదు. వాదర దాకా రాకపోతే, తెలిసినవాళ్ల చేత రాయి మీద పెట్టిస్తే ఆ కత్తి ఇప్పటికీ గడ్డం గీస్తుంది.