అణువు, రేణువు: తెలుగున శాస్త్రరచన

మరాఠీ పాఠశాలలో చదువుకొను మన తెలుగింటి బాలునకు రసాయనశాస్త్రమున ‘అణువు’ అను మాట తొలినాళ్లలోనే ఎదురగును. మూలకము యొక్క లక్షణములను నిలుపుకొను మిక్కిలి చిన్న భాగము అణువనియు, అట్టి అణువులు కలిసి యేర్పడునది రేణువనియు అచ్చటి పాఠము. సెలవులలో హైదరాబాదునుండి బంధువులు తెచ్చిన తెలుగు పుస్తకము విప్పి చూచినచో, అందు మొదటిదానికి పరమాణువని పేరు, రెండవదానికి అణువని పేరు. రేణువన్నది మనకు ధూళియే. బడిలో ఒప్పైన సమాధానము ఇంటి పుస్తకమున తప్పగుచున్నది. ముఖేడు వంటి ఊళ్లలో స్థిరపడిన కుటుంబములకు ఇది ప్రొద్దుపోకకు చెప్పుకొను పొడుపుకథ కాదు. తెలుగు పుస్తకములోనే తప్పున్నదని ఆ బాలుడు నిశ్చయించుకొన్ననాడు, తెలుగు వంటయింటికిని పెండ్లిపిలుపులకును మిగిలిపోవును.

ఇట్టివి ఒకటి రెండు కావు. జీవశాస్త్రమున మనము కణమనునది మరాఠీలో ‘పేశీ’. పేశి యన్నచో మనకు తోచునది మాంసపేశి. భౌతికశాస్త్రమున మన ‘శక్తి’ వారికి ‘ఊర్జా’. వారు ‘శక్తి’ యనునది మనకు ‘సామర్థ్యము’. ఉభయభాషలును ఒకే సంస్కృత భాండాగారమునుండి మాటలు తెచ్చుకొన్నవి; కాని ఎవరి మూట వారు కట్టుకొన్నారు. పోనీ, మనలో మనకైనను స్థిరత్వమున్నదా యనిన, అదియును లేదు. పాఠ్యగ్రంథమున పరమాణువని నేర్పి, పత్రికలలో ‘అణుబాంబు’ అని వ్రాయుదుము. బాంబు విషయమున మాత్రము మనమును మరాఠీవారును ఏకీభవించినట్లున్నది!

ఈ చిక్కునకు పదములను నిందించి ఫలము లేదు. నా ఫిర్యాదు రచయితల మీద. తెలుగున జనసామాన్యమునకై వెలువడు శాస్త్రవ్యాసములలో పెక్కింటి పద్ధతి యొక్కటే: ఒక పారిభాషిక పదము, దానికొక నిర్వచనము, పిమ్మట ఫలితము. ఆ ఫలితము ఎట్లు తేలినది, ఎవరు సందేహించిరి, ఆ సందేహమెట్లు తీరినది అను విషయములు అందుండవు. పరిశోధన రాజశాసనమువలె వచ్చి పడును. అట్టి రచనలో పాఠకుడు పట్టుకొనుటకు పదము తప్ప వేరేమియు లేదు; ఆ పదము బడిలో మారిపోయినంతనే చేతిలో ఏమియు మిగులదు.

మన పూర్వులు ఈ పనికి పూనుకొనలేదా యనిన, ఘనముగనే పూనుకొనిరి. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. ముఖేడును ఆనాడు నిజాము రాజ్యములోనిదే. మండలి స్థాపకులలో ముఖ్యులైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు నాగపురమున చదివినవారు. మరాఠీలోను వ్యాసములు వ్రాసిన పండితులు. చరిత్రములతోను నవలలతోను సమానముగ ప్రకృతిశాస్త్ర గ్రంథములను తెలుగువారి ముందు పెట్టవలెనన్న సంకల్పము ఆ రోజులలో సాహసమే. వారు తలపెట్టిన విజ్ఞానసర్వస్వము అకారము దాటకుండగనే 1923లో వారు గతించిరి. ఆ తరము వాక్యము నేడు మనకు బరువుగ తోచుట నిజము. అయినను ఒక అన్యభాషలో పండి, దాని సంపద చూచి, తన భాషకు తెచ్చిన ఆ మార్గము సరిహద్దు జిల్లాలవారమైన మనకు మిక్కిలి దగ్గరిది.

వాక్యపు బరువును దించినవారిలో నండూరి రామమోహనరావుగారిని ప్రత్యేకముగ చెప్పవలెను. ఆయన వృత్తిచే పత్రికారచయిత. ‘నరావతారం’లో మానవుని పుట్టుకను, ‘విశ్వరూపం’లో నక్షత్రలోకమును కథవలె చెప్పిరి. విజ్ఞానము అనేక తరముల అన్వేషణమని చదువరికి తోపింపజేయుటయే ఆయన గొప్ప. నాకున్న అసంతృప్తి యొక్కటే: ఆ రెండు గ్రంథముల విషయములును కాలమున గాని దూరమున గాని మనకు ఎంతో అవతలివి. మన వాకిట జరిగిన పరిశోధనకు అట్టి కలము దొరకవలసియున్నది.

వాకిట జరిగినది లేకపోలేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు చేసిన పని చూడుడు. ‘మలేరియా దోమలవలన వచ్చును’ అను ఒక్క వాక్యముతో పాఠ్యగ్రంథము దానిని ముగించును. రాస్ దాదాపు రెండేండ్లు దోమలను కోసి కోసి చూచినను ఏమియు కనబడలేదు. అవి కావలసిన జాతి దోమలు కావు. తుదకు మచ్చల రెక్కల దోమలు కొన్ని దొరికినవి. వానిచే ఒక రోగిని కుట్టించి, కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించెను. నాలుగు దినముల పిమ్మట, ఆగస్టు 20న, దోమ కడుపుగోడలో నల్లని చుక్కలుగల గుండ్రని కణములు కనబడినవి. మలేరియా రోగి రక్తములోని పరాన్నజీవియందును అట్టి నల్లని పదార్థమే యుండును. మరునాడు మిగిలిన దోమను కోసినచో అవి మరికొంత పెద్దవైనవి. ఆ పెరుగుదలయే సాక్ష్యము: పెరుగునది జీవమున్నది గదా! అయినను అది సగము కథయే. దోమకాటుతో రోగమెట్లు తిరిగి సంక్రమించునో అతడు మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై తేల్చెను. మనుష్యుల విషయమున దానిని ఇటలీ శాస్త్రజ్ఞులు స్థాపించిరి.

ఈ వృత్తాంతము చదివిన బాలుడు దోమ కడుపులో కనబడినదానిని కణమన్నను, పేశీ యన్నను కలవరపడడు. వస్తువు అతని కన్నులయెదుట నున్నది. తన జ్వరమునకు దోమ ఎట్లు కారణమో ఎదురింటివానికి ఏ భాషలోనైనను చెప్పగలడు.

మరాఠీవారు ఈ విషయమున మనకంటె స్థిరముగ నడచిరి. మరాఠీ విజ్ఞాన పరిషత్తు 1966లో ఏర్పడినది. జయంత నారళీకరుగారు ప్రపంచఖ్యాతిగల ఖగోళశాస్త్రజ్ఞులై యుండియు బాలురకు అర్థమగు మరాఠీలో కథలును వ్యాసములును వ్రాసిరి. 2025లో పరమపదించువరకు ఆ పనిని చిన్నతనముగ నెంచలేదు. మన పిల్లలకు ఆ పుస్తకములు బడిలోనే అందుబాటున నున్నవి. వానిని చదువనిండు. వానినుండి తెలుగున నాలుగు వాక్యములు తిరిగి చెప్పించుడు; మాట తడబడినచో తడబడనిండు.

ఇక మన సంఘముల సంచికలు. తెలుగు తియ్యదనమును గూర్చిన పద్యములకు వానిలో ఎన్నడును కొరత లేదు. ఒక్క సంచికలో రెండు పుటలు విడిచి, తెలుగు మాటకు ఎదురుగ మరాఠీ మాటయు, ప్రక్కన ఆ వస్తువు బొమ్మయు అచ్చువేసినచో చాలును. పండితసభ అక్కరలేదు, పదవ తరగతి పిల్లలును, మరాఠీ తెలిసిన ఒక ఉపాధ్యాయుడును చాలుదురు. మొదటి పుటకు పరమాణువు, అణువు, రేణువు, కణము, పేశి, శక్తి, ఈ ఆరింటిని పెట్టుడు. తక్కినవానిని పిల్లలే తెత్తురు.