పల్లె పాట, గల్లీ పాట: తెలంగాణ ఉద్యమ సాహిత్యంలో నగర దాహం

తెలంగాణ ఉద్యమ సాహిత్యంలో నీరు కేవలం వస్తువు కాదు, ప్రధాన ప్రతీక. 2002లో సుంకిరెడ్డి నారాయణరెడ్డి, అంబటి సురేంద్రరాజు సంపాదకత్వంలో వెలువడిన కవితా సంకలనానికి 'మత్తడి' అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. నిండిన చెరువు పొంగి పొర్లే చోటు మత్తడి. 'నీళ్లు, నిధులు, నియామకాలు' అన్న నినాదంలోనూ మొదటి మాట నీటిదే. అయితే ఈ నినాదం నీటి తగాదాను రెండు ప్రాంతాల మధ్య నిలిపింది. పల్లెకూ పట్నానికీ మధ్య ఉన్న తగాదా అందులో ఇమడలేదు.

ఆ రెండో తగాదా చిన్నదేమీ కాదు. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరం అంచునే ఉన్నాయి. జనం పెరిగేకొద్దీ హైదరాబాదు మంజీరను, 2004 నుంచి కృష్ణను, 2015 నుంచి గోదావరిని తనవైపు తిప్పుకుంది. 2011 జనగణన నాటికి మహానగర పాలక సంస్థ పరిధిలో జనాభా 67 లక్షలు దాటింది. నగరానికి వచ్చే కృష్ణా జలాలను శుద్ధిచేసే కోదండాపురం నల్లగొండ జిల్లాలోనిది. ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిపోయిన జిల్లా కూడా అదే. తాగునీటి కోసం జల సాధన సమితి సాగించిన ఉద్యమంలో భాగంగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు పడి, నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఇంత విలక్షణమైన నిరసన రూపం మన కవిత్వ విమర్శలో ప్రస్తావనకు మించి చర్చకు రాకపోవడం విచారకరం. నగరం వాడి వదిలిన నీరు మూసీలో కలిసి మళ్లీ నల్లగొండ పొలాల మీదుగానే సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో చేరుతుంది. మంచినీరు జిల్లాను దాటిపోతుంది. మురుగునీరు జిల్లాకు తిరిగివస్తుంది.

ఈ వలయాన్ని దృష్టిలో ఉంచుకొని గోరటి వెంకన్న పాటలు రెండింటిని కలిపి చదవాలి. 'కుబుసం' (2002) చిత్రం ద్వారా విస్తృత ప్రచారం పొందిన 'పల్లె కన్నీరు పెడుతుందో' చేతివృత్తుల పతనాన్ని కుమ్మరి, కమ్మరి, సాలె బతుకుల్లో చూపుతుంది. విధ్వంసానికి కారణమైన కుట్రలు ఆ పాటలో కంటికి కనిపించనివి. 'గల్లీ చిన్నది' పాట నగరంలోని ఇరుకు వాడను, అక్కడి పేదల కథను చెబుతుంది. మొదటి పాటలో ఊరు విడిచిన మనిషే రెండో పాటలో గల్లీ వాసి అని శ్రోత సులభంగానే ఊహించగలడు. కాని మనుషులు నడిచి వచ్చిన దారి వెంటే నీరు కూడా తరలివచ్చిందన్న సంగతి ఈ రెండు పాటల నడుమ మౌనంగా ఉండిపోయింది.

ఈ మౌనాన్ని కవి అవగాహనా లోపంగా భావించడం తొందరపాటు. పట్నాన్ని నీళ్లు తాగేసిన దోషిగా నిలబెడితే ఆ నింద ముందుగా గల్లీ మీదే పడుతుంది. దేశమంతటా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్విన పాలమూరు కూలీ నగరానికి చేరి, బిందె పట్టుకొని ట్యాంకరు కోసం నిలబడ్డాడు. అతన్ని నేరస్థుణ్ణి చేసే పాట ఉద్యమానికి పనికిరాదు. ధూంధాం వేదిక ముందు పల్లె జనమూ, బస్తీ జనమూ కలిసే కూర్చున్నారు. కవి శత్రువును అదృశ్యంగా ఉంచడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఉద్యమ గీతం నీటిపారుదల నివేదిక కాదు కదా అన్న ఆక్షేపణకు తావుంది. అది న్యాయమైనదే. కాని పాట వదిలేసిన పనిని వచనం ఎత్తుకోవాలి. నగరమంటే ఒకే నోరు కాదు: ఇరవై నాలుగు గంటల నీటి సౌకర్యం, ఈతకొలను ఉన్న గేటెడ్ కమ్యూనిటీ ఒక నోరు, రోజు విడిచి రోజు వచ్చే నల్లా దగ్గర వరుసకట్టిన బస్తీ మరో నోరు. ఈ తేడాను కథ, నవల పాత్రల ద్వారా చెప్పగలవు. సంబోధన మీద నడిచే పాటకు అది కష్టం. 2014 తరువాత 'మన నీళ్లు' అన్న మాటలోని 'మన' ఎవరిదన్న ప్రశ్న పాత నినాదానికి అందదు. కోదండాపురం నుంచి పట్నానికి సాగే పైపులైను పక్క ఊళ్లలో ఆ ప్రశ్న రాష్ట్ర విభజనకు ముందే పుట్టింది.