నుదుటిరాత చదివేవాళ్లు

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఓపీకి వెళ్లినా, హనుమకొండలో ఏదో ఒక చర్మ వైద్యుడి క్లినిక్కుకు వెళ్లినా, బెంచీ మీద కాలేజీ పిల్లలు కనిపిస్తారు. ముఖాన మొటిమలు, తలలో చుండ్రు. చుండ్రు రాలి ముఖం మీద పడటం వల్లే మొటిమలు వస్తున్నాయని ఇంట్లో ముందే తీర్పు అయిపోయి ఉంటుంది. ఈ తీర్పును వైద్యుడు కొట్టిపారేయడు, ఒప్పుకోడు కూడా. నుదుటి మీద ఏది దేని పనో విడదీసి చూస్తాడు. ఎవరూ శాలువా కప్పని ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

అందరూ మొదట చూసేది బుగ్గల్ని. చేయి తిరిగిన వైద్యుడు జుట్టు మొదలయ్యే గీత దగ్గర ఆగుతాడు. నుదుటి చర్మాన్ని రెండు వేళ్లతో కొంచెం సాగదీస్తాడు. మామూలుగా కంటికి ఆనని తెల్ల గింజలు, అంటే మూతపడిన రంధ్రాలు, అప్పుడు బయటపడతాయి. అవి ఉంటే అసలు మొటిమే. అవి లేకుండా, ఒకే సైజు చిన్న పొక్కులు నుదుటి నిండా ఆవాలు చల్లినట్టు ఉంటే అనుమానం మారుతుంది. వెంటనే ఒక ప్రశ్న: "దురద పెడుతదా?" మొటిమ నొప్పి పెడుతుంది గానీ అంతగా దురద పెట్టదు. దురద ఎక్కువైతే వెంట్రుక కుదుళ్లలో ఫంగస్ చేరిందేమో చూడాలి. తర్వాత కనుబొమ్మలు, ముక్కు పక్కలు, చెవుల వెనక. అక్కడ జిడ్డుగా, పసుపు ఛాయలో పొట్టు ఉంటే తలలో చుండ్రు ముఖం దాకా దిగినట్టే. చొక్కా పై గుండీలు విప్పించి ఛాతీ, వీపు కూడా చూస్తాడు. రెండో ప్రశ్న ఇంకా సాదా: "నూనె ఎప్పుడు పెడతవ్? తలకెప్పుడు పోసుకుంటవ్?"

ఈ ప్రశ్న వెనక చాలా శాస్త్రం ఉంది. చుండ్రులో పాలుపంచుకునే ఫంగస్ పేరు మలసేజియా. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ షార్ల్ మలసే పేరు మీద పెట్టారు. అది దాదాపు అందరి తలలోనూ ఉంటుంది. దానికి కొవ్వు కావాలి. ల్యాబులో కొన్ని రకాలను పెంచాలంటే పళ్లెంలో ఆలివ్ నూనె పొర పోయాల్సిందే. యవ్వనంలో హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు జోరందుకుంటాయి. ఆ జిడ్డే రంధ్రాల్లో గడ్డకట్టి మొటిమకు దారి తీస్తుంది, అదే జిడ్డు ఫంగస్‌కు తిండి అవుతుంది. తల నిండా పట్టించిన నూనె నుదుటికి జారితే, దాని లెక్క వేరే. జుట్టుకు రాసే జిడ్డు పదార్థాలతో నుదుటన వచ్చే మొటిమలను క్లిగ్‌మన్, ప్లేవిగ్, ఫుల్టన్ అనే చర్మ వైద్యులు 1970లోనే వర్ణించారు.

నాకు బాగా నచ్చేది మందుల వరస. చీమున్న మొటిమలకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గుళిక రాస్తారు. దాని వంశానికి మూలపురుషుడైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనలో, బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త దాన్ని కనుగొన్నాడు. సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఇంత మంచి మందుకూ ఒక తిరకాసు ఉంది. బ్యాక్టీరియాను అణిచే గుళిక ఫంగస్‌ను ఏమీ చేయదు. పోటీ తగ్గి అది ఇంకా చెలరేగవచ్చు. మొటిమలు తగ్గుతూ నుదుటి మీద దురద పొక్కులు పెరిగితే, తెలిసిన వైద్యుడు డోసు పెంచడు, గుళిక ఆపేస్తాడు.

అందుకే ఫంగస్‌ను అణిచే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ తలకు మొదటి నుంచీ వెంట నడుస్తుంది. వారానికి రెండుసార్లు, నురుగు తలమీద అయిదు నిమిషాలు ఉంచాలి. పిల్లలు తప్పేది ఇక్కడే. పోసి వెంటనే కడిగేస్తారు. తల వెనక్కి వంచి కడగాలి, చివర ముఖం కడుక్కోవాలి. రాత్రి మూతపడిన రంధ్రాలను తెరిచే అడపాలిన్ పూత శనగగింజంత, మొటిమ మీద ఒక్కచోట కాదు, ముఖమంతా పలుచగా. చర్మం మండకుండా మొదట రోజు మార్చి రోజు. బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తే దిండు గలీబు రంగు పోతుందని ముందే చెబుతారు. గర్భంతో ఉన్నవాళ్లకు, గర్భం కోసం చూస్తున్నవాళ్లకు అయితే అడపాలిన్ వాడొద్దని చెప్పడం కూడా ఈ చీటీలోని భాగమే. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుందని చెప్పి పంపడం, నా దృష్టిలో, మందు రాయడం కన్నా కష్టం.

ఎందుకంటే మెడికల్ షాపులో వారంలో తెల్లగా మెరిపించే క్రీము దొరుకుతుంది. తరచూ అందులో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లకు చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు రెట్టింపవుతాయి. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా మంచి వైద్యుడు "ఇంతకుముందు ఏం పూసినవ్, డబ్బా తేపో" అని అడగకుండా ఉండడు.

మూడో నెలకు గుళిక ఆగిపోతుంది. అడపాలిన్ కొనసాగుతుంది. షాంపూ వారానికి ఒకసారికి దిగుతుంది. అప్పుడు తల్లి అడుగుతుంది: "సార్, తలకు నూనె పెట్టుడు మొత్తానికే బందు చేయాల్నా?" వైద్యుడి జవాబు: "తలకు పోసుకునే గంట ముందు పెట్టమ్మా. రాత్రంతా ఉంచకు. నుదుటి మీదికి జారనియ్యకు."