కేటలాగులో కనబడని ఊరు

హనుమంతునిపాడు నుండి వచ్చిన విద్యార్థి ఒకడు తన ప్రాంతపు నీటిని గూర్చి చదువదలచి, విశ్వవిద్యాలయ గ్రంథాలయములో కంప్యూటరు ముందు కూర్చున్నాడనుకొందము. కనిగిరి ప్రక్క పల్లెలలో బోరునీటిలోని ఫ్లోరైడు పండ్లను గారపట్టించి, ఎముకలను వంచునని అతనికి పుస్తకము చెప్పనక్కరలేదు. ఈ రోగమును ఇక్కడ తొలినాళ్లలో ఎవరు పరిశీలించిరన్నదే అతని ప్రశ్న. “ప్రకాశం”, “ఫ్లోరైడు” అని టైపు చేయును. ఇటీవలి గ్రంథములు కొన్ని రావచ్చును. 1937 నాటి పరిశోధన మాత్రము రాదు.

అది లేక కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ప్రకటించిన వ్యాసపు శీర్షికలో ఉన్నది నెల్లూరు జిల్లా పేరు. నాడు కనిగిరి నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అను పేరు పొందినది. జిల్లా మారినది గాని పాత శీర్షిక మారలేదు గదా! బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లో వెలువరించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటముల గతియు ఇంతే.

పోనీ, “నెల్లూరు” అని వెదకినను చిక్కు తీరదు. గ్రంథాలయపు కేటలాగు సాధారణముగా పత్రిక పేరు చెప్పును గాని లోపలి వ్యాసముల పేర్లు చెప్పదు. వానికి వేరే వ్యాససూచికలు కలవు. ఆ మాట తెరమీద ఒక ముక్క వ్రాసియుంచినచో ఎంతో మేలు. ఏమియు దొరకలేదను జవాబును చూచిన పాఠకుడు, తన వెదకు తీరులో లోపమున్నదని తలచడు. తన ఊరిని ఎవరును పట్టించుకొనలేదని తలచును. కేటలాగు చేయు అపకారములలో ఇదే పెద్దది.

ఇక ఊరి పేరు. రోమను లిపిలో “త”కు ఒకరు టి మాత్రమే వేయుదురు, మరియొకరు హెచ్ కూడ చేర్చుదురు, వేరొకరు “హెచ్.ఎం.పాడు” అని కుదించుదురు. మనిషికి ఇవన్నియు ఒక్క ఊరే, యంత్రమునకు మూడు ఊళ్లు.

కంప్యూటరును నిందించి ప్రయోజనము లేదు. కార్డుల పెట్టెలో శీర్షికను మొదటి మాటతోనే వెదకవలసి వచ్చెడిది. ఇప్పుడు నడిమి మాటతోను వెదకవచ్చును. అది చిన్న లాభము కాదు. అయితే కార్డుల కాలపు మంచి పని యొకటి వెనుకబడినది. 1876లోనే అమెరికాలో కట్టర్ తన నియమములలో, ఒక పేరు క్రింద వెదకువానిని మరియొక పేరునకు పంపు “చూడుము” అను సూచనకు స్థానమిచ్చెను. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును ఆదా చేయుమనుటయే.

“ప్రకాశం జిల్లా: 1970కి పూర్వపు రచనలకు నెల్లూరు, గుంటూరు, కర్నూలు కూడ చూడుము” అను ఒక్క పంక్తి చేర్చుటకు ఎంత శ్రమ? అది ఉన్నచో మార్కాపురము వానికి కర్నూలు దారి, ఒంగోలు వానికి గుంటూరు దారి, హనుమంతునిపాడు వానికి నెల్లూరు దారి దొరకును.